మెడికల్ సీటుకు ముందు ఒక మాస్టర్స్: ఎవరికి లాభం, ఎవరికి దండగ

అమెరికాలో ఉంటున్న తెలుగు కుటుంబాల్లో ఈ మాట తరచూ వినిపిస్తుంది: "మా అమ్మాయికి ఈ ఏడాది మెడికల్ స్కూల్లో సీటు రాలేదండీ. బయోమెడికల్ సైన్సెస్‌లో మాస్టర్స్ చేస్తోంది, అదయ్యాక వస్తుంది." మాస్టర్స్ చేయడం వరకు సరే. "అదయ్యాక వస్తుంది" అనే ధీమా దగ్గరే కాస్త ఆగాలి. ఆ చదువు కొందరిని గట్టెక్కించే మాట నిజం. మరికొందరికి మాత్రం అప్పు మిగులుతుంది, సీటు రాదు. తేడా ఎక్కడుందో తెలియాలంటే అక్కడి పద్ధతి అర్థం కావాలి.

మన తల్లిదండ్రుల్లో చాలామంది ఇంటర్‌లో బైపీసీ, ఎంసెట్ చూసిన తరం. ఒక పరీక్ష, ఒక ర్యాంకు, ఒక సీటు. నీట్ వచ్చాక కూడా ఆ వరస మారలేదు. అమెరికాలో అలా కాదు, ముందు నాలుగేళ్ల డిగ్రీ ఉండాలి. 1893లో బాల్టిమోర్‌లో తెరిచిన జాన్స్ హాప్కిన్స్ మెడికల్ స్కూలు డిగ్రీ ఉన్నవాళ్లనే చేర్చుకుంటామని పట్టుబట్టింది. ఫీజు కడితే చాలు చేర్చుకునే కాలేజీలు ఆ రోజుల్లో అక్కడ కోకొల్లలు. 1910లో విద్యావేత్త అబ్రహాం ఫ్లెక్స్‌నర్ వాటిని తిరిగి చూసి రాసిన నివేదిక వాటి బండారం బయటపెట్టి, హాప్కిన్స్‌ను ఆదర్శంగా చూపించింది. తరవాత చాలా కాలేజీలు మూతపడ్డాయి. డిగ్రీ అయ్యాకే డాక్టరు చదువు అన్నది క్రమంగా స్థిరపడిపోయింది.

డిగ్రీలో చరిత్ర చదివినా, సంగీతం చదివినా అభ్యంతరం లేదు. బయాలజీ, కెమిస్ట్రీ, ఆర్గానిక్ కెమిస్ట్రీ, ఫిజిక్స్ లాంటి అవసరమైన కోర్సులు పూర్తి చేసి ఉండాలి, అంతే. ఆ పైన ఎమ్‌క్యాట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. దాని స్కోరు 472 నుంచి 528 దాకా ఉంటుంది. ఇటీవలి ఏళ్లలో ఎండీ (అక్కడి మొదటి డాక్టరు డిగ్రీ) స్కూళ్లకు 50 వేల మందికి పైగా దరఖాస్తు చేస్తే, చేరుతున్నది సుమారు 23 వేల మంది. చేరినవాళ్ల సగటు ఎమ్‌క్యాట్ 511, 512 దగ్గర, సగటు జీపీఏ 3.8కి దగ్గరలో ఉంటోంది. దరఖాస్తు చేసినవాళ్లలో సగానికి పైగా ఆ ఏడాది ఖాళీ చేతులతో మిగులుతున్నారన్నమాట. ఈ మాస్టర్స్‌కు గిరాకీ పుట్టింది వాళ్లలోంచే.

ఇప్పుడు జీపీఏ లెక్క చూద్దాం. డిగ్రీ మొదటి ఏడాది ఇల్లు వదిలి వెళ్లిన పిల్లవాడు తడబడ్డాడు. కెమిస్ట్రీలో సీ, ఆర్గానిక్‌లో మళ్లీ సీ. మూడో ఏడాదికి కుదురుకున్నాడు కానీ, 120 క్రెడిట్లు పూర్తయ్యేసరికి జీపీఏ 3.2 దగ్గర ఆగింది. ఇంకో ఏడాది అదే స్థాయి కోర్సులు 30 క్రెడిట్లు తీసుకుని, అన్నింటిలోనూ ఏ గ్రేడే తెచ్చుకున్నాడనుకోండి. 120ని 3.2తో గుణిస్తే 384. కొత్తవి 30ని 4తో గుణిస్తే 120. రెండూ కలిపి 150తో భాగిస్తే వచ్చేది 3.36. ఏడాది పాటు ఒక్క పొరపాటు లేకుండా చదివినా కదిలింది అంతే.

ఎండీ స్కూళ్లలో ఎక్కువ భాగం ఆమ్‌కాస్ అనే ఉమ్మడి దరఖాస్తు ద్వారా విద్యార్థులను తీసుకుంటాయి. అందులో కమిటీ ముందుకు ఒక గ్రేడ్ల పట్టిక వెళ్తుంది. అడ్డంగా మొదటి ఏడాది, రెండో ఏడాది, మూడు, నాలుగు, డిగ్రీ తరవాత తీసుకున్న డిగ్రీ స్థాయి కోర్సులు, వీటన్నిటి మొత్తం అని వరసలుంటాయి. నిలువునా మూడు గళ్లు: బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, లెక్కలు కలిపి ఒకటి, మిగతా సబ్జెక్టులన్నీ ఒకటి, రెండూ కలిపి ఒకటి. మాస్టర్స్ గ్రేడ్లు ఆ మొత్తంలో కలవవు. వాటికి వేరే వరస. చాలామంది తల్లిదండ్రులకు తెలియని విషయం ఇదే. మాస్టర్స్‌లో 4.0 వచ్చినా పాత 3.2 అలాగే ఉంటుంది. దాని పక్కన కొత్త అంకె ఒకటి చేరుతుంది, అంతే.

మరి ఆ కొత్త అంకెకు అంత విలువ ఎందుకు? ఈ మాస్టర్స్‌లో ఒక రకం మెడికల్ స్కూలు మొదటి ఏడాది చదువుకు నకలుగా ఉంటుంది కాబట్టి. వాషింగ్టన్‌లోని జార్జ్‌టౌన్ యూనివర్సిటీ 1975లో ఫిజియాలజీలో మొదలుపెట్టిన స్పెషల్ మాస్టర్స్ ప్రోగ్రామ్ ఈ దారికి ఆద్యం. తరవాత బోస్టన్ యూనివర్సిటీ లాంటివి సొంత ప్రోగ్రాములు పెట్టుకున్నాయి. ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ, హిస్టాలజీ, ఇమ్యునాలజీ, ఫార్మకాలజీ, కొన్నిచోట్ల అనాటమీ, ఇవన్నీ దాదాపు ఏడాదిలో పూర్తి చేయాలి. కొన్ని ప్రోగ్రాముల్లో మెడికల్ విద్యార్థుల తరగతిలోనే కూర్చుని, వాళ్లు రాసే పరీక్షే రాస్తారు. "పాత సంగతి పక్కన పెట్టండి, మీ పరీక్షే రాసి మీ వాళ్లతో సమానంగా నిలబడ్డాను" అని చెప్పుకునే అవకాశం అది. పేరుకి మాస్టర్స్ డిగ్రీయే కానీ, అసలు పని సాక్ష్యం సంపాదించడం.

అదే బయోమెడికల్ సైన్సెస్ పేరుతో రెండేళ్ల పరిశోధన ఎంఎస్ కూడా ఉంటుంది. ల్యాబ్‌లో పని, థీసిస్, గైడ్. పరిశోధన రంగంలోకి వెళ్లాలనుకునేవాళ్లకు అది మంచి చదువు. మెడికల్ అడ్మిషన్ కమిటీలు మాత్రం అక్కడి గ్రేడ్లకు పెద్దగా బరువు ఇవ్వవు, మాస్టర్స్ తరగతుల్లో గ్రేడ్లు ఉదారంగా వేస్తారని వాళ్లకు తెలుసు. పేరు ఒకటే కనుక ఏది దేనికో చూసుకోకుండా చేరిపోయేవాళ్లు ఉన్నారు.

మన వాళ్లు దీన్ని లాంగ్ టర్మ్ కోచింగ్ లాంటిది అనుకుంటారు. ఆ పోలిక ప్రమాదకరం. లాంగ్ టర్మ్‌లో ఏడాది కూర్చుని మళ్లీ నీట్ రాస్తే పాత ర్యాంకు ఎవరూ అడగరు. ఈసారీ రాకపోతే పోయేది ఆ ఏడాదే. ఇక్కడ పాత గ్రేడూ పోదు, కొత్తదీ పోదు. స్పెషల్ మాస్టర్స్‌లో 3.1 వచ్చిందంటే, మెడికల్ స్కూలు చదువు ఈ విద్యార్థి తట్టుకోలేడని మెడికల్ స్కూలే రాసిచ్చినట్టు. ఆ తరవాత ఎండీ సీటు రావడం చాలా కష్టం. మెడికల్ విద్యార్థులకు చాలా చోట్ల మొదటి ఏడాది పాస్, ఫెయిల్ తప్ప గ్రేడ్లు లేవు. మాస్టర్స్ విద్యార్థికి మాత్రం ఏ, బీ, సీ అని అక్షరాలు పడతాయి. అందుకే ఇది ఆఖరి అస్త్రం. చేయి సాగిన రోజున వదలాలి గానీ, తోచక వదిలేది కాదు.

అయితే ఇది ఎవరికి? డిగ్రీ పూర్తయి, అవసరమైన కోర్సులన్నీ ఉండి, ఎమ్‌క్యాట్ బాగానే వచ్చి, జీపీఏ దగ్గర మాత్రమే ఆగిపోయినవాళ్లకి. తడబడటానికి కారణమైనది, అది అనారోగ్యమైనా, ఇంటి సమస్యైనా, చదివే పద్ధతైనా, ఇప్పుడు నిజంగా తొలగిపోయి ఉండాలి. జీపీఏ 3.8 ఉండి ఎమ్‌క్యాట్ 500 వచ్చినవాళ్లకు మాస్టర్స్ అక్కర్లేదు. వాళ్లు చేయాల్సింది ఎమ్‌క్యాట్ చదువు. ఆ పరీక్షకూ హద్దులున్నాయి: ఏడాదిలో మూడుసార్లు, రెండేళ్లలో నాలుగుసార్లు, జీవితం మొత్తంలో ఏడుసార్లు. కంప్యూటర్ సైన్స్ చదివి డాక్టరు కావాలని మనసు మార్చుకున్నవాళ్లకు కావలసింది డిగ్రీ స్థాయి సైన్స్ కోర్సులు. వాళ్లకు పోస్ట్‌బ్యాక్ అనే వేరే దారి ఉంది, ఖర్చు కూడా తగ్గించుకోవచ్చు. రెండు అంకెలూ బాగుండి కూడా రాలేదంటే చాలాసార్లు తప్పు దరఖాస్తులో ఉంటుంది. ఆలస్యంగా పంపడం, ఆసుపత్రి అనుభవం లేకపోవడం, పేరున్న స్కూళ్లకే రాయడం. దానికి మందు మాస్టర్స్ కాదు. దరఖాస్తులో డీవో (ఆస్టియోపతిక్ మెడిసిన్) స్కూళ్ల పేరెత్తితే ముఖం చిట్లించే తల్లిదండ్రులు ఇంకా ఉన్నారు. అమెరికా మెడికల్ విద్యార్థుల్లో నాలుగో వంతు ఇప్పుడు అక్కడే చదువుతున్నారు. చదువు పూర్తయ్యాక ఎండీలకు ఉన్న వైద్య హక్కులన్నీ వాళ్లకూ ఉంటాయి.

ఇక క్యాలెండరు. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. మీ అబ్బాయి 2026 ఆగస్టులో మాస్టర్స్‌లో చేరాడనుకోండి. 2026 జూన్‌లోనే మెడికల్ దరఖాస్తు పెడితే అందులో ఒక్క మాస్టర్స్ గ్రేడు కూడా ఉండదు. మొదటి సెమిస్టర్ గ్రేడ్లు డిసెంబరులో వచ్చేసరికి చాలా స్కూళ్లు ఇంటర్వ్యూ పిలుపుల్లో పెద్ద భాగం పంపేసి ఉంటాయి. అలాకాక 2027 మేలో మాస్టర్స్ ముగించి జూన్‌లో దరఖాస్తు పెడితే, పూర్తి గ్రేడ్లు కమిటీ చేతికి వెళ్తాయి. కానీ సీటు వస్తే చేరేది 2028 ఆగస్టులో. మధ్యలో ఏడాది ఖాళీ. ఒక ఏడాది కోర్సు అని చెప్పేది నిజానికి రెండేళ్ల వ్యవహారం. నన్నడిగితే రెండోదే మేలు. సాక్ష్యం కోసం లక్షలు పోసి, ఆ సాక్ష్యం రాకముందే తీర్పు అడగడంలో అర్థం లేదు.

కొన్ని ప్రోగ్రాములు ఫలానా జీపీఏ, ఫలానా ఎమ్‌క్యాట్ తెచ్చుకుంటే తమ మెడికల్ స్కూల్లో ఇంటర్వ్యూ ఖాయమని రాతపూర్వకంగా చెబుతాయి. అది మంచి హామీయే. ఇంటర్వ్యూ వరకే హామీ, సీటుకు కాదు. సొంత మెడికల్ స్కూలు లేని యూనివర్సిటీ నడిపే ప్రోగ్రాముకు ఆ బలం కూడా ఉండదు.

ఫీజు సంగతి. ఏడాదికి 30 వేల నుంచి 60 వేల డాలర్ల దాకా ఉండటం మామూలే, ఇంటి అద్దె, తిండి అదనం. ఇదివరకు ప్రభుత్వ గ్రాడ్ ప్లస్ రుణంతో మొత్తం ఖర్చు గట్టెక్కేది. 2025 జులైలో వచ్చిన చట్టం ప్రకారం 2026 జులై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవాళ్లకు ఆ రుణం లేదు. మాస్టర్స్ విద్యార్థికి ఫెడరల్ రుణం ఏడాదికి 20,500 డాలర్లకు మించదు. మిగతాది ఇంట్లోంచైనా తేవాలి, ప్రైవేటు బ్యాంకు దగ్గరైనా తీసుకోవాలి. మెడికల్ స్కూలు అప్పు ముందుందని మరచిపోకండి.

గ్రీన్ కార్డు క్యూలో ఏళ్లకేళ్లు నిలబడిన మన కుటుంబాల్లో ఇంకో చిక్కు. హెచ్-4 డిపెండెంట్ వీసా మీద పెరిగిన పిల్లలు 21 నిండగానే ఆ హోదా కోల్పోయి, ఎఫ్-1 విద్యార్థులుగా మారాల్సి వస్తోంది. రెండేళ్ల వయసులో వెళ్లి అక్కడే చదివినా, కాగితాల మీద విదేశీ విద్యార్థే. ఫెడరల్ రుణం రాదు. చాలా రాష్ట్ర మెడికల్ స్కూళ్లు విదేశీ విద్యార్థుల దరఖాస్తే తీసుకోవు. ఆ పిల్లలు మాస్టర్స్ ఫీజు కట్టే ముందు, తమ హోదాతో తమను తీసుకునే మెడికల్ స్కూళ్లు ఎన్నున్నాయో ఒక్కొక్కటిగా చూసుకోవాలి. జాబితా చిన్నదే.

హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో బీఎస్సీ, బీఫార్మసీ చేసి, బయోమెడికల్ ఎంఎస్ మీద వెళ్తే అక్కడ ఎండీలో చేరవచ్చని ఎవరైనా కన్సల్టెంట్ చెబితే నమ్మకండి. విదేశీ గ్రేడ్లను ఆమ్‌కాస్ పరిశీలించదు. డిగ్రీ స్థాయి కోర్సులు అమెరికాలోనో కెనడాలోనో చదివి ఉండాలని చాలా స్కూళ్లు అడుగుతాయి, మాస్టర్స్ ఆ లోటు పూడ్చదు. ఎంబీబీఎస్ చేసినవాళ్లకు ఈ గొడవే లేదు, యూఎస్‌ఎంఎల్‌ఈ రాసి రెసిడెన్సీకి వెళ్లే దారి వేరు. బీడీఎస్ వాళ్లకు డెంటల్ స్కూళ్లలో అడ్వాన్స్‌డ్ స్టాండింగ్ అనే వేరే ప్రవేశ మార్గం ఉంది.

డెంటల్, పొడయాట్రీ (పాదాల వైద్యం) లాంటి కోర్సులకు వెళ్లేవాళ్లు కూడా ఈ మాస్టర్స్ చేస్తారు, అక్కడా లెక్క ఇంచుమించు ఇదే. ఫిజిషియన్ అసిస్టెంట్ చదువుకు మాత్రం రోగుల దగ్గర పనిచేసిన గంటలు ముఖ్యం. తగినన్ని గంటలు లేనివాడికి మాస్టర్స్ ఉన్నా చాలా చోట్ల తలుపు తెరుచుకోదు. ఏడాది పాటు మెడికల్ అసిస్టెంట్‌గానో అంబులెన్స్‌లో ఈఎంటీగానో పనిచేస్తే జీతమూ వస్తుంది, గంటలూ పడతాయి.

చేరాలనే నిర్ణయించుకుంటే, ప్రోగ్రాము వాళ్లు చెప్పే విజయాల శాతాన్ని విడదీసి అడగండి. అందులో ఎండీ ఎందరు, డీవో ఎందరు, ఇతర కోర్సులు ఎందరు? చేరినవాళ్లందరినీ లెక్కించారా, పూర్తి చేసినవాళ్లనేనా, దరఖాస్తు పెట్టినవాళ్లనేనా? ఎన్నేళ్లలో వచ్చిన సీట్లు? మెడికల్ విద్యార్థులతో ఒకే పరీక్షా, వేరే పేపరా? మధ్యలో మానేసినవాళ్లు ఎందరు? ఈ ప్రశ్నలకు సూటిగా అంకెలు ఇవ్వని ప్రోగ్రాముకు డిపాజిట్ కట్టకండి.