నాడె చేసే గోల

సూరత్‌లోని ఉధ్నా సందుల్లో మరమగ్గాల షెడ్డు కంటికన్నా ముందు చెవికి తగులుతుంది. లోపల పక్కవాడితో మాట్లాడాలంటే చెవిలో అరవాలి, లేదా చేసైగ. తెలంగాణ నుంచి వలసవచ్చిన పద్మశాలి కుటుంబాలు తరాలుగా సూరత్‌లో ఈ మోత మధ్యే బతుకుతున్నాయి. అక్కడి నగరపాలక సంస్థ తెలుగు బడులు నడిపేంతమంది మనవాళ్లున్నారు. మరి ఈ సాంచాకు, అంటే మరమగ్గానికి, ఇంత గొంతు ఎక్కడిది?

1733లో ఇంగ్లండులో జాన్ కే పేక పోగును అటూ ఇటూ మోసే నాడెను తాడు లాగి విసిరే ఏర్పాటు చేశాడు. 1785లో ఎడ్మండ్ కార్ట్‌రైట్ మరమగ్గానికి పేటెంటు తీసుకున్నాడు. ఆ తర్వాత విసరడం కూడా యంత్రం వంతైంది, గోల అక్కడే మొదలైంది.

పోగు చుట్టిన కండెతో కలిపి నాడె సుమారు 400 గ్రాములు. పికింగ్ కర్ర దాన్ని జానెడు దూరంలోనే సెకనుకు 12, 13 మీటర్ల వేగానికి తన్నుతుంది. అవతలి వైపు నాడె పెట్టె దాన్ని అంతే ఠక్కున ఆపాలి. నిమిషానికి నూటయాభై సార్లు ఇదే వరస. నిజానికి పేక పోగు లాగడానికి కావలసిన శక్తి రవ్వంతే. ఉత్తరాన్ని ఇటుకకు కట్టి విసిరినట్టుంటుంది వ్యవహారం. ఆ ఇటుక బలమంతా పెట్టెలో వేడిగా, అదురుగా, మోతగా ఖర్చయిపోతుంది.

దొంగ నాడేనని తేల్చుకోవడం తేలిక. మగ్గాన్ని మామూలుగా నడిపి శబ్దం కొలిచే మీటరు చూడాలి, తర్వాత నాడె తీసేసి నడపాలి. 100 డెసిబెల్స్ కాస్తా 94కి దిగిందనుకోండి, శబ్దశక్తిలో ముప్పాతిక వంతు నాడెదే అన్నమాట. కానీ ఈ లెక్కే యజమానుల్ని నిరుత్సాహపరుస్తుంది కూడా: యాభై మగ్గాల్లో సగం ఆపేసినా షెడ్డు మోత తగ్గేది 3 డెసిబెల్సే. పైకప్పుకు మెత్తటి పలకలు బిగిస్తే ప్రతిధ్వని తగ్గుతుంది గాని, మగ్గాన్ని ఆనుకుని నిలబడ్డవాడికి దక్కేది అంతంతమాత్రం. నాడెను తన్నే పికర్ అరిగితే మార్చడం, దెబ్బను మెత్తబరిచే బఫర్ సరిచేయడం, దెబ్బ పడే సమయం దిద్దడం ఇంతకన్నా నయం.

అసలు మందు వేగం కోసం వచ్చింది, చెవుల కోసం కాదు. 1950ల్లో చెకోస్లొవేకియాలో వ్లాదిమీర్ స్వాతీ నాడెను తీసేసి, పోగును నీటిధారతో తోయించాడు. పాలియెస్టర్ నీళ్లు పీల్చదు, అందుకే పాలియెస్టర్ నేసే సూరత్‌కు ఈ వాటర్‌జెట్ మగ్గం అతికినట్టు సరిపోయింది. దాంతో నాడె దెబ్బ పోయింది. పేకను గుద్దే దెబ్బ మాత్రం పోలేదు సరికదా, మగ్గం వేగంతో పాటు అదీ పెరిగింది. సాదా సాంచాలు ఇంకా పక్కనే ఆడుతున్నాయి.

మన ఫ్యాక్టరీల నిబంధనల ప్రకారం రోజుకు 90 డెసిబెల్స్ మోతలో 8 గంటలు, 100లో రెండే గంటలు ఉండొచ్చు. సూరత్‌లో పన్నెండు గంటల షిఫ్టు మామూలు. 1965లో అచ్చయిన స్కాట్లండు జనపనార నేతకార్మికుల అధ్యయనంలో, 4000 హెర్ట్జ్ దగ్గర వినికిడి మొదటి పది, పదిహేనేళ్లలోనే బాగా దెబ్బతింది. అంటే పల్చని హల్లులు ముందు జారిపోతాయి: మాట వినిపిస్తుంది, ఏమన్నారో తెలియదు.

చెవిలో దూది పెట్టుకుంటే మోత దాదాపు ఏమీ ఆగదు. ఫోమ్ ప్లగ్గును సన్నగా నలిపి, చెవిని పైకి లాగి లోపలికి దూర్చి, ఉబ్బేదాకా వేలితో అదిమి ఉంచాలి. పెట్టుకుంటే మగ్గం తేడా తెలియదని పనివాళ్ల అభ్యంతరం. అది కొట్టిపారేసేది కాదు: పికర్ అరిగిందో, పెట్టె వదులైందో ఆరితేరిన సాంచాకారుడు చెవితోనే చెప్పేస్తాడు.