పచ్చడి మనది, చీటీ ఎవరిది?

వరికోత యంత్రాలొచ్చాయి, కలుపు మందులొచ్చాయి. కోతల్లోనూ కలుపుల్లోనూ దొరికే పనిదినాలు తగ్గిపోయాయి. ఆ లోటు పూడ్చుకోవటానికి వ్యవసాయ కార్మిక కుటుంబాల ఆడవాళ్లు ఊరూరా డ్వాక్రా సంఘాల పేర పచ్చళ్లు, పొడులు, అప్పడాలు చేసి అమ్ముకుంటున్నారు. పని వచ్చు, రుచి తెలుసు, కష్టపడటం కొత్త కాదు. తీరా అమ్మకం దగ్గరికొచ్చేసరికి అడ్డం పడుతున్నది ఓ చిన్న కాగితం. ప్యాకెట్టు మీద అంటించే చీటీ, అదే లేబులు.

"చీటీదేముంది, ప్రెస్సులో కొట్టించుకుంటే పోలా?" అనేవారున్నారు. అక్కడే ఉంది తిరకాసు. ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2006లో వచ్చింది. దాని కింది నిబంధనలు 2011లో అమలుకొచ్చాయి. లేబుళ్లకు 2020లో విడిగా మళ్లీ నిబంధనలు చేశారు. తూకం, ధర సంగతి చూసే తూనికలు కొలతల శాఖకు 2011 నాటి వేరే నిబంధనలున్నాయి. అంటే ఒకే చీటీకి ఇద్దరు అధికారులన్నమాట. సరుకులో కల్తీ లేకపోయినా చీటీ తప్పయితే 52వ సెక్షను కింద 3 లక్షల రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. కూలి మీద బతికే పదిమంది ఆడవాళ్లకు 3 లక్షలంటే ఏమిటో ఆ సెక్షను రాసినవారికి తెలుసా?

ఒకమాట ముందే చెప్పుకోవాలి. చీటీ ఉండాలనటాన్ని మనం కాదనటం లేదు. కల్తీ నూనె, పాచిపోయిన సరుకు తిని ముందుగా మంచం పట్టేది పేదవాడే. ప్యాకెట్టులో ఏముందో, ఎప్పుడు చేశారో తెలుసుకునే హక్కు కొనేవాడికి ఉండాల్సిందే. కాబట్టి చీటీ మీద ఏం రాయాలో మనమే నేర్చుకోవాలి.

సరుకు పేరు రాయాలి. అందులో ఏమేం కలిపారో, బరువులో ఎక్కువున్నది ముందు, తక్కువున్నది తర్వాత వరసగా రాయాలి. ఆవకాయలో మామిడి ముక్కలు ఎక్కువైతే అవే ముందు, మెంతులు తక్కువైతే అవి చివర. నిలవకు మందు కలిపితే దాని పేరో, నంబరో వేయాలి. పల్లీల పొడి అయితే పల్లీలున్నాయని విడిగా చెప్పాలి, అవి పడని మనుషులున్నారు గనుక. శాకాహారమైతే ఆకుపచ్చ చదరంలో ఆకుపచ్చ చుక్క. మాంసం, చేప పచ్చళ్లయితే గోధుమరంగు చదరంలో అదే రంగు త్రికోణం. చేసినవారి పూర్తి చిరునామా, 14 అంకెల ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. నంబరు, బ్యాచి నంబరు, చేసిన తేదీ, ఏ తేదీలోగా వాడాలో, నికర తూకం, అన్ని పన్నులతో కలిపి ధర. ఫిర్యాదుకు ఫోను నంబరు. వీటికి తోడు 2022 నుంచి గ్రాముకు ఎంత పడుతుందో కూడా వేయాలన్నారు. పావుకిలో పొడి 100 రూపాయలైతే గ్రాము 40 పైసలు. పోషక విలువల పట్టిక సంగతి వేరే. వట్టి పసుపు లాంటి ఒకే దినుసు సరుకుకు ఆ పట్టిక అక్కర్లేదు. నాలుగైదు దినుసులు కలిపి వండినదానికి కావాలి. అది వేయాలంటే పరీక్షశాలకు పోవాలి, డబ్బు కట్టాలి.

ఇదంతా ఏ భాషలో రాయాలి? ఇంగ్లీషులో గానీ, దేవనాగరి లిపి హిందీలో గానీ రాయాలట. తెలుగు కావాలంటే అదనంగా వేసుకోవచ్చట. చేసేది తెలుగు ఆడకూలీ, అమ్మేది తెలుగు ఊళ్లో, తినేది తెలుగువాళ్లు. అయినా ఒక్క తెలుగులోనే రాసిన చీటీ చెల్లదు! తెలుగును అధికార భాషగా చేస్తూ 1966లోనే చట్టం చేసుకున్నాం గదా. మరి పచ్చడి సీసా మీద తెలుగు ఎందుకు చాలదు? చేసినామె చదవలేని చీటీకి ఆమెనే బాధ్యురాలిని చేయటం ఏ న్యాయం?

ఈ చిక్కుల్లోంచి దళారి పుట్టుకొస్తాడు. "మీకెందుకమ్మా ఈ తలనొప్పి, డబ్బాల్లో పోసి నాకివ్వండి, చీటీ నేను వేసుకుంటాను" అంటాడు. కిలోకింతని చేతిలో పెడతాడు. పట్నంలో అదే సరుకు అతని పేరుతో, అతని బొమ్మతో, అతను వేసిన ధరకు అమ్ముడవుతుంది. సొమ్మొకడిది, సోకొకడిది. నిన్నటి దాకా పొలంలో కూలి, ఇవాళ సొంత వంటింట్లోనే కూలి. గుంటూరు శీతల గిడ్డంగుల్లో మిర్చి తొడిమలు తీసే ఆడవాళ్ల పేరు కారం ప్యాకెట్టు మీద ఎన్నడైనా చూశామా? చీటీ మీద పేరు లేనివాడికి ధరలో వాటా కూడా ఉండదు. అసలు సంగతి ఇదీ.

చిన్నవాళ్ల కోసం వెసులుబాట్లు పెట్టామని సర్కారువారంటారు. 2011 నిబంధనల్లో ఏడాదికి 12 లక్షల లోపు అమ్మకమున్నవారికి లైసెన్సు కాదు, రిజిస్ట్రేషన్ చాలన్నారు. రుసుము ఏడాదికి 100 రూపాయలన్నారు. బాగానే ఉంది. కానీ దరఖాస్తు కంప్యూటర్లో పెట్టాలి. పెట్టించినందుకు మధ్యవాడికి సమర్పించేది ఆ నూటికి ఎన్నో రెట్లు. 2020లో కేంద్రం తెచ్చిన చిన్న ఆహార పరిశ్రమల పథకంలో యంత్రాలకు 35 శాతం సబ్సిడీ, సంఘం సభ్యురాలికి 40 వేల రూపాయల మూలధనం అని రాశారు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్నట్టు, చీటీ దగ్గర ఆగిన సంఘానికి యంత్రమొచ్చి ఏం లాభం?

సంఘాలు వెంటనే చేసుకోవలసిన పనులున్నాయి. ఒక నోటు పుస్తకం పెట్టి ఏ రోజు ఏ బ్యాచి, ఎంత సరుకు, ఏ దినుసు ఎంత అన్నది రాసుకోవాలి. రేపు అధికారి వస్తే మనకు సాక్షి ఆ పుస్తకమే. ధర పెరిగిందని పాత ధర మీద కొత్త స్టిక్కరు అంటించరాదు. నోటీసు వస్తే హడలిపోనక్కర్లేదు. లోపం సరిదిద్దుకోవటానికి 14 రోజులకు తగ్గకుండా గడువిచ్చే నోటీసు 32వ సెక్షనులో ఉంది. తెలియక చేసిన తప్పా, లాభం కోసం చేసిందా అన్నది చూసే జరిమానా నిర్ణయించాలని 49వ సెక్షను చెబుతోంది. ఆ మాట అధికారికి గుర్తుచేయాలి. ఒంటరిగా కాదు, పదిమంది కలిసి వెళ్లి గుర్తుచేయాలి.

ప్రభుత్వాన్ని అడగవలసినవీ ఉన్నాయి. రాష్ట్రంలో అమ్మే చిన్న సంఘాల సరుకుకు తెలుగు చీటీ చాలుననాలి. ఏ సరుకుకు ఏ చీటీయో నమూనాలు తెలుగులో అచ్చువేసి మండల కార్యాలయంలో ఉంచాలి. సంఘాల సరుకును ప్రభుత్వ పరీక్షశాలల్లో ఉచితంగా పరీక్షించాలి. మొదటి తప్పుకు జరిమానా కాదు, దిద్దుకునే గడువే ఇవ్వాలి. ఇవి గొంతెమ్మ కోరికలేమీ కావు.

రోలు మనది, చెయ్యి మనది, చెమట మనది. సీసా మీద పేరు కూడా మనదే కావాలి. అది అడిగి తీసుకోవలసిందే తప్ప ఎవరూ తెచ్చి ఇవ్వరు.