దొరికిన లేఖ బైబిలులో చేరునా?

లవొదికయ నుండి వచ్చు పత్రికను కూడ చదువుకొనుడని పౌలు కొలొస్సయులకు వ్రాసినాడు. ఆ పత్రిక నేడు లేదు. (ఆ పేరిట ఎవరో అల్లిన లేఖ యొకటి కొన్ని లాటిను ప్రతులలో దూరినది!) అసలుది రేపు బయటపడినచో బైబిలులో చేర్తురా?

రోమాపురి క్లెమెంతు కొరింథీయులకు వ్రాసిన లేఖను చూడుడు. క్రీ.శ. 170 ప్రాంతమున కొరింథు సంఘమువారు దానిని ఆరాధనలో చదువుచుండిరి. అయిదవ శతాబ్దపు అలెగ్జాండ్రియా ప్రతిలో అది క్రొత్త నిబంధన వెంటనే యున్నది. ఆ ప్రతి 1627లో ఇంగ్లండు చేరినది; 1633లో లేఖ అచ్చయినది. పండితులు పండుగ చేసికొనిరి గాని, బైబిలు ఒక్క పుటయైన పెరుగలేదు. 367లో అథనాసియుసు పేర్కొన్న 27 గ్రంథములే నిలిచినవి. ప్రాచీనత చాలదు, సంఘములన్నియు తరతరములుగా చదివి అంగీకరింపవలెను.

ఇప్పుడు అంగీకరింపవలసినవారెవరు? మధురానగరులో ప్రొటెస్టెంటుల యింటి బైబిలులో 66 గ్రంథములు, పొరుగున కథోలికుల యింట 73. ఉన్న పాత నిబంధనమీదనే కుదరని ఏకాభిప్రాయము క్రొత్తగా దొరికిన లేఖపై కుదురునని నాకు తోచదు.