వేసవి కాయగూరలకు మీ నేల సిద్ధమేనా?

కోనసీమలో ఏది పాతినా బతుకుతుందని మన పెద్దల నమ్మకం. గౌతమి, వశిష్ఠ పాయలు పోసిన ఒండ్రు ఇది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువ నీరూ తోడయింది. కాని దాళ్వా కోతలై, కాలువలు కట్టేశాక ఇదే నేల మరో గుణం చూపిస్తుంది. ఆ రోజుల్లో వంగ, బెండ వేసి నాలుగు డబ్బులు చూడాలనుకునే కుటుంబాలు ముందు తమ మట్టిని తెలుసుకోవాలి.

కొత్తపేట వైపు లంక భూముల్లో ఇసుక పాలు ఎక్కువ. వేరు సులువుగా దిగుతుంది. అయితే పోసిన నీరు, వేసిన యూరియా రెండూ అడుగుకు జారిపోతాయి. ఎరువును ఒక్కసారే గుమ్మరించక మూడు నాలుగు దఫాలుగా వేయండి. అమలాపురం చుట్టుపక్కల వరిచేలు బంకమన్ను. సారం పట్టి ఉంచుతుంది గాని తడిస్తే గాలి ఆడదు. అక్కడ బోదెలెత్తి నాటడం మేలు.

అసలు చిక్కు రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి వంటి సముద్రపు దాపు ఊళ్లది. ఎండలకు నేలలోని తేమ పైకి పాకి ఆవిరైపోతుంది, ఉప్పు మిగులుతుంది. ఇసుక పొరల్లో మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. మోటారుతో అదేపనిగా లాగితే కింది ఉప్పునీరు ఎగదన్నుతుంది. పక్కన రొయ్యల చెరువుంటే దాని ఊట మరో బాధ. ఆకుల అంచులు మాడగానే ఎరువు చాలలేదని ఇంకా వేసేవారున్నారు. రసాయన ఎరువూ లవణమే కదా! ఉల్లి త్వరగా దెబ్బతింటుంది, టమాటా కొంత ఓర్చుకొంటుంది, గోరుచిక్కుడు ఇంకా నయం.

చవుడు అనగానే జిప్సం కొనకండి. అది సోడియం పట్టిన క్షార నేలకు మందు. ఉత్త ఉప్పు నేలకు మంచినీటితో కడిగి, మురుగు పోయే దారి చూపాలి. దానికి వానాకాలమే అదను.

కాబట్టి విత్తనం కొనకముందే మట్టి పరీక్ష చేయించండి. గట్లు, చెట్ల నీడ, పెంటకుప్ప చోటు వదిలి, పది పదిహేను చోట్ల ఆరంగుళాల లోతు మట్టి తీసి, కలిపి, అరకిలో పంపాలి. బోరు నీటినీ ఒక సీసాలో పంపండి. ఉదజని సూచిక 6.5 నుండి 7.5 మధ్య ఉంటే చాలా కూరలకు అనుకూలం.

పెరట్లో తగలబెట్టే కొబ్బరాకు, అరటి బోదె ముక్కలు మొక్కల మొదళ్లలో పరిస్తే తేమ నిలుస్తుంది, ఉప్పు పైకి రావడం తగ్గుతుంది. కొబ్బరి పొట్టును మాత్రం పచ్చిగా కలపవద్దు. అది చివికేటప్పుడు నేలలోని నత్రజనిని లాక్కొంటుంది, మొక్కలు పాలిపోతాయి. పేడనీళ్లు చల్లి, కొన్ని నెలలు మాగబెట్టి, నల్లబడ్డాకే వేయండి.