తారీఖు తిరగబడితె కూలి లెక్క మునుగుతది

ఉపాధి కూలి ఎన్ని దినాలు లేటయితున్నదో లెక్క తీసే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇప్పుడు ఊర్లల్ల కనవడుతున్నరు. మస్టర్ల తారీఖులు ఎక్సెల్‌ల కొట్టి, ఆర్ లాంటి సాఫ్ట్‌వేర్‌ల ఏసి, లేటు ఎందుకైతున్నదో చూస్తున్నరు. మంచి పని. కని గా లెక్క అంత తారీఖుల మీదనే నిలవడ్డది. అందుకే నేను ముందుగాల గా కాలమే చూస్త.

ఒక ముచ్చట చూడుండ్రి. పని అయిపోయింది 10/04/2023. పైసలు పడ్డది 10/05/2023. మన లెక్కల ఏప్రిల్ 10 నుంచి మే 10 దాక 30 దినాలు. 2005 ఉపాధి హామీ చట్టం పదిహేను దినాలు దాటొద్దన్నది. గిదే ఫైలు అమెరికా పద్ధతి పెట్టిన కంప్యూటర్‌ల తెరిస్తె, నెల ముందు, తేది ఎనుక చదువుతది. అక్టోబర్ 4, అక్టోబర్ 5. లేటు ఒక్క దినమే! కూలోళ్ల నెల రోజుల గోస మాయమాయె.

25/05/2023 ఉంటె 25వ నెల లేదు కాబట్టి, కంప్యూటర్ దాన్ని ఉట్టి అక్షరాల లెక్క ఇడిసిపెడ్తది. సెల్‌ల ఎడమ దిక్కు జరిగి కనవడ్తది, మనం పట్టుకోవచ్చు. మోసం చేసేది 12 లోపు తేదీలే. ఏడాదిల అసొంటియి 144. అండ్ల 5/5 లాంటి 12 తిప్పినా మారయి. మిగిలిన 132 చప్పుడు లేకుంట మారుతయి.

మరి ఏం జెయ్యాలె? ఏడాది, నెల, తేది వరుసల 2023-04-10 అని రాయాలె. ఇది ఐఎస్ఓ 8601 అనే అంతర్జాతీయ పద్ధతి. ఎక్సెల్‌ల కొట్టకముందే కాలమ్‌ను టెక్స్ట్ చెయ్యుండ్రి. లేకుంటె ఏడాదికి, నెలకు, తేదికి మూడు కాలమ్‌లు పెట్టుండ్రి.

పాత ఫైలు ఆర్‌ల ఏస్తె, తేది ముందున్నదా నెల ముందున్నదా మనమే చెప్పాలె. ఏడాదికి పెద్ద వై అంటె నాలుగంకెలు, చిన్న వై అంటె రెండంకెలు. చిన్నది పెడితె 2023ల మొదటి 20 మాత్రమే తీసుకొని 2020 చేస్తది.

తారీఖు జాగల 45026 కనవడ్డదా? అది ఎక్సెల్ 1900 నుంచి ఎంచిన దినాల సంఖ్య, అంటె 2023 ఏప్రిల్ 10. ఆర్ 1970 నుంచి ఎంచుతది. మొదలు చెప్పకుంట ఏస్తె 2093కు పోతది.

మోడల్ నడిపే ముందు మూడు చూడుండ్రి: పని కంటె ముందే పైసలు పడ్డట్టు ఉన్నదా, ఇంక రాని తారీఖులున్నయా, ఖాళీలెన్ని? ఎనుక పది వరుసలు మస్టర్ కాగితంతోని కలిపి చూడుండ్రి. ఎందుకంటె ఒక్క తారీఖు తప్పు దొరికితె సార్లు మన లెక్కంత పక్కకు పెడ్తరు. గా సాకు వాళ్లకు మనం ఇయ్యొద్దు.