మరలివచ్చిన వారికి చేయూత

పొట్టకూటికై పుట్టిన యూరిని విడిచి దూరప్రాంతములకు పోవుటను వలస యందురు. వలసపోవువారి కష్టములను గూర్చి మనము తఱచుగా వినుచుందుము. కాని, వారు తిరిగివచ్చిన పిదప వారి గతి యేమగునో విచారించువారు కొందఱే. పోవుట యొక కష్టము. మరలివచ్చి నిలద్రొక్కుకొనుట మఱియొక కష్టము. ఈ రెండవ కష్టమును గూర్చి యిచట తెలిసికొందము.

నంద్యాల, ఆళ్లగడ్డ పట్టణములు నల్లమల, ఎఱ్ఱమల కొండల నడుమ కుందూనది లోయలో నున్నవి. ఈ లోయలో నల్లరేగడి భూములు మెండు. తుంగభద్రపై సుంకేసుల వద్ద బయలుదేరు కర్నూలు-కడప కాలువ యీ లోయగుండా సాగిపోవును. ఒక ప్రైవేటు కంపెనీ త్రవ్వించిన యీ కాలువను 1882లో ప్రభుత్వము కొనెను. కాలువ నీరు పాఱుచోట వరి పండును. పాఱనిచోట వానయే దిక్కు. వాన తప్పిన యేట కూలివానికి పని దొరకదు. అప్పుడతడు బెంగుళూరునకో, హైదరాబాదునకో కట్టడపు పనులకు బోవును. పడమటనున్న ఆదోని, కోసిగి ప్రాంతముల ప్రజలు పిల్లలతో గూడ గుంటూరు సీమకు మిరపకాయలు కోయుటకు పోవుదురు. కడప సీమ నుండి కువైటు మొదలగు గల్ఫు దేశములకు పోయినవారును పెక్కుమంది కలరు.

పోయినవారు మరలివచ్చుట మూడు విధములు. పని ముగిసి వచ్చుట మొదటిది. వయసుడిగి వచ్చుట రెండవది. ఆపద వచ్చిపడగా ఉన్నపాటున బయలుదేరి వచ్చుట మూడవది. ఈ మూడవదియే మిక్కిలి దుస్సహము.

చరిత్రలో దీనికి నిదర్శనములు కలవు. ఒకప్పుడు తెలుగువారు వేలకొలదిగా బర్మాకు బోయి, రంగూను రేవులోను బియ్యపు మిల్లులలోను పని చేసిరి. 1942లో జపాను సైన్యము బర్మాపై బడగా, వారిలో అనేకులు కొండలు, అడవులు దాటి కాలినడకను భారతదేశమునకు వచ్చిరి. ఆకలికిని జ్వరములకును దారిలోనే అసువులు బాసినవారు పెక్కుమంది. 1964లో బర్మా ప్రభుత్వము దుకాణములను స్వాధీనము చేసికొన్నప్పుడు మఱల వేలమంది వచ్చిరి. విశాఖపట్టణమున కంచరపాలెము చెంత నేటికిని ‘బర్మా క్యాంపు’ అను పేట యున్నది. బర్మా, సింహళ దేశముల నుండి వచ్చిన వారికి అప్పులిచ్చి నిలబెట్టుటకై 1969లో మద్రాసున ప్రత్యేకముగా నొక సహకార బ్యాంకు స్థాపింపబడెను. 1990లో ఇరాకు కువైటును ఆక్రమించినప్పుడు లక్షన్నరకు మించిన భారతీయులను విమానములలో స్వదేశమునకు చేర్చిరి.

2020 మార్చిలో కరోనా వ్యాధి కారణముగా దేశమంతట రాకపోకలు నిలిచిపోయినవి. నగరములలో పనులాగిపోయినవి. కూలీలు మూటలు నెత్తిన బెట్టుకొని వందల మైళ్లు నడచిరి. ఆ యేడు మే 1వ తేదీన వలస కూలీల కొఱకు నడిచిన మొదటి ప్రత్యేక రైలు మన తెలుగు నేలపైనున్న లింగంపల్లి నుండియే ఝార్ఖండులోని హటియాకు బయలుదేరెను.

ఇట్లు వచ్చినవానికి ఏమేమి కావలయును? మొదట తిండి కావలయును. ఒకచోటి రేషను కార్డుతో మఱియొకచోట బియ్యము తీసికొను పద్ధతిని 2019లో ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రముల నడుమ ప్రయోగాత్మకముగా నారంభించిరి. తరువాత నది దేశమంతటికి వ్యాపించినది. అయినను కార్డులో పేరు లేనివాడు, వ్రేలిముద్ర సరిపడనివాడు వట్టిచేతులతో మరలవలసియుండును. అట్టివాని వెంట చదువు వచ్చిన యొకడు కార్యాలయమునకు పోయినచో సగము పని యైనట్లే.

రెండవది పని. గ్రామీణులకు ఏటికి 100 దినముల పని కల్పించుటకై 2005లో చేసిన ఉపాధి హామీ చట్టము 2006 ఫిబ్రవరి 2వ తేదీన మన అనంతపురము జిల్లా బండ్లపల్లెలో అమలులోనికి వచ్చెను. 2020లో ఇల్లు చేరిన వారెందఱికో ఆ పనియే గంజి పోసినది.

అయితే మట్టిపని యొక్కటియే చాలదు. వచ్చినవాడు వట్టిచేతులతో వచ్చినను విద్య లేనివాడు కాడు. బెంగుళూరులో కడ్డీలు వంచి కట్టుట నేర్చినవాడు, గల్ఫులో విద్యుత్తు పని నేర్చినవాడు, పెద్ద వాహనములు నడపినవాడు, వీరందఱు ఊరికి ఆస్తియే. ఆళ్లగడ్డ శిల్పులను చూడుడు. వారు చెక్కిన దేవతా విగ్రహములు ఇతర రాష్ట్రములకు సైతము పోవుచున్నవి. నేర్పు ఊరిలో నిలిచిన కూడు ఊరిలోనే పుట్టునని వారు చూపుచున్నారు. కేరళ రాష్ట్రమున విదేశముల నుండి తిరిగివచ్చిన వారు చిన్న పరిశ్రమ పెట్టుకొనదలచినచో, బ్యాంకు అప్పుతో పాటు పెట్టుబడిలో 15 శాతము ప్రభుత్వమే యిచ్చు పథకము నొకదానిని ఏర్పఱచిరి. మన యూళ్లలో పొదుపు సంఘములు ఇట్టివారి కుటుంబములకు అప్పిచ్చినచో, మేస్త్రీ వద్ద తీసికొన్న బయానా తీర్చుటకై వారు మరల వలసపోవలసిన యగత్యము తప్పును.

మూడవది పిల్లల చదువు. ఈ విషయమున నేను చేసిన తప్పు నొకదానిని చెప్పెదను. సుమారు ఇరువదియేండ్ల క్రిందట నేనొక పల్లెబడిలో ప్రధానోపాధ్యాయుడనుగా నుంటిని. ఒక మాఘమాసమున బెంగుళూరు నుండి మరలివచ్చిన కూలి యొకడు తన కుమారుని వెంటబెట్టుకొని వచ్చెను. “అయ్యవారూ, పిల్లోన్ని బళ్లో చేర్చుకోండి” యని వేడుకొనెను. నేను టీ.సీ. అడిగితిని. తేలేదనెను. “అది లేనిదే చేర్చుకొన వీలులేదు, పోయి తెచ్చుకొమ్ము” అంటిని. ఆ కాగితము కొఱకు అతడు అప్పుచేసి బెంగుళూరునకు రెండుమార్లు పోయివచ్చెను. అది చేతికి వచ్చునప్పటికి వేసవి సెలవులు వచ్చినవి. అన్ని నాళ్లును ఆ బాలుడు బడిగోడ ప్రక్కనే గేదెలను మేపుచు, లోపల చెప్పు పాఠములను కిటికీగుండా వినుచుండెడివాడు. నేను నిబంధనను పాటించితిని. కాని బాలుని బడి బయట నిలిపితిని. నేటికిని ఆ కిటికీ నా కన్నులయెదుట నిలుచును.

2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న విద్యాహక్కు చట్టము ప్రకారము, 6 మొదలు 14 ఏండ్లలోపు పిల్లవానిని టీ.సీ. ఆలస్యమైనదని ప్రభుత్వపు బడిలో చేర్చుకొనకుండ రాదు. వయసునకు తగిన తరగతిలో చేర్చి, వెనుకబడిన పాఠములను ప్రత్యేకముగా బోధింపవలయును. ఈ సంగతి తెలియని తల్లిదండ్రులకు మీరు తెలుపవచ్చును.

నాలుగవది మర్యాద. “పోయి యేమి సంపాదించుకొని వచ్చితివి?” అను ప్రశ్న ఆకలికంటె ఎక్కువగా బాధించును. ఈ మాటకు వెఱచియే కొందఱు ఊరు చేరక నగరములలో దిక్కులేక తిరుగుదురు.

బాలబాలికలారా! రేపు మీ తరగతిలోనికి ఏడాది నడుమ నొక క్రొత్త పిల్లవాడు రావచ్చును. అతని తెలుగులో కన్నడపు యాస యుండవచ్చును. అతనికి పుస్తకములు లేకపోవచ్చును. అతనిని చూచి నవ్వకుడు. మీ బల్లపై కొంచెము జరిగి చోటిండు. పోయిన పాఠములను చూచి వ్రాసికొనుటకు మీ పుస్తకమును ఇండు. ప్రభుత్వము చేయవలసినది ప్రభుత్వము చేయును, పెద్దలు చేయవలసినది పెద్దలు చేయుదురు. ఆ బల్లపై చోటు మాత్రము మీరే యీయవలయును.