ప్రాణవాయువు వలని చెఱుపు, జీవకణముల యాత్మరక్షణ

వానలో విడిచిన కొడవలి త్రుప్పుపట్టును. మూతలేని సీసాలోని నూనె కొన్నాళ్లకు చెడువాసన కొట్టును. ఈ రెంటియందును ప్రాణవాయువు యొక్క పని గలదు. ఏ వాయువు లేనిచో మనము కొన్ని నిమిషములకంటె జీవింపజాలమో, ఆ వాయువే యినుమును తినివేయుచున్నది. అట్లయిన దానితోనే నిరంతరము మెలగు మన శరీరము చెడకుండుట యెట్లు? దీనినే మేమిచ్చట సంగ్రహముగా వివరింపబూనితిమి.

జంతుకణములలో మైటోకాండ్రియా యను సూక్ష్మాంగములు గలవు. ఆహారసారము ప్రాణవాయువుతో కలిసి శక్తి పుట్టుట ముఖ్యముగా నచ్చటనే. ఆ పనిలో ప్రాణవాయువు కొంత నీరుగా మాఱక, సూపరాక్సైడను చురుకైన రూపమును దాల్చును. దానినుండి హైడ్రొజను పెరాక్సైడు కలుగును. అది కణములోని యినుముతో కలిసినచో హైడ్రాక్సిల్ అను మిక్కిలి యుగ్రమైన పదార్థము పుట్టును. ఇది కణపు పొరలోని క్రొవ్వు అణువునుండి హైడ్రొజను పరమాణువును లాగికొనును. దోపిడికి గుఱియైన యా యణువు ప్రాణవాయువుతో కలిసి తన ప్రక్కదానిని దోచును. ఒక పూరింటి నిప్పు వీథినంతయు దహించునట్లు చెఱుపు వరుసగా ప్రాకును. మాంసకృత్తులును, వంశలక్షణములను మోయు డి.ఎన్.ఏ.యు నిట్లే దెబ్బతినును.

దీనికి ప్రతిక్రియ కణములోనే కలదు. సూపరాక్సైడును అణచు ఎంజైమును 1969లో అమెరికాయందు మెక్‌కార్డ్, ఫ్రిడోవిచ్ అనువారు వెల్లడించిరి. పెరాక్సైడును నీరుగాను ప్రాణవాయువుగాను విడదీయునది కెటలేసు. పచ్చి మేకకార్జపు ముక్కపై నీరు కలిపిన పెరాక్సైడు వేసినచో నురుగు పొంగును. ఉడికించిన ముక్కపై పొంగదు. ఉడుకుటచే కెటలేసు చెడుటయే దీనికి కారణము. విద్యార్థులు ఉపాధ్యాయుని యెదుట దీనిని పరీక్షింపవచ్చును.

1922లో ఇవాన్సు, బిషప్ అను పరిశోధకులు ఎలుకలయందు కనుగొనిన 'ఇ' విటమిను కణపు పొరలో నివసించి, తన హైడ్రొజనును దానమిచ్చి ఆ దోపిడి వరుసను త్రెంచును. అలసిన 'ఇ' విటమినును 'సి' విటమిను మరల శక్తిమంతము చేయును. ఇట్టివానినే యాంటీ ఆక్సిడెంటు లందురు.

అట్లయిన వీనిని మాత్రలుగా మింగిన మేలు కాదా? ఫిన్లండు దేశమున 29,133 మంది పొగత్రాగు పురుషులపై ఈ పరీక్ష జరిగెను. 1994లో ప్రకటింపబడిన ఫలితము వైద్యులను దిగ్భ్రమ నొందించెను. బీటా కెరోటిను మాత్రలు మింగినవారిలో ఊపిరితిత్తుల కేన్సరు తగ్గక, నూటికి 18 వంతులు హెచ్చెను. అమెరికాలో జరిగిన యట్టి పరీక్షను 1996లో గడువునకు ముందే నిలిపివేసిరి. అదియుగాక, మన తెల్లకణములు రోగక్రిములను చంపుటకు సూపరాక్సైడునే ఆయుధముగా వాడును. కావున దానిని పూర్తిగా నిర్మూలించుటయు క్షేమము కాదు, మితమే రక్షణ.

తలిదండ్రులకు మా మనవి యొక్కటి. వైద్యుడు చెప్పనిదే యిట్టి మాత్రలకై ధనము వెచ్చింపకుడు. ఉసిరి, జామ, ఆకుకూరలు, వేరుసెనగలు బిడ్డల కంచములో నుంచుడు. విద్యార్థులారా, పొగాకును ముట్టకుడు. లోనికి పీల్చిన పొగ చేయు చెఱుపును ఏ మాత్రయు తుడిచివేయజాలదు.